కథ చెప్పు గొంతు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభసమయమున పుస్తకములనుగూర్చి మాటాడుట ఆచారము. నేను నేడు పుస్తకమును చదివి వినిపించు గొంతునుగూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. కారణమున్నది. ఈనాడు పుస్తకమును కంటితో చదువువారికంటె చెవితో వినువారు పెరుగుచున్నారు. నవలలు, కథలు, పురాణములు చేతిలోని ఫోనులో గొంతుల రూపమున లభించుచున్నవి. వానిని ఆడియో పుస్తకములని పిలుచుచున్నారు. మన చందాదారులలో కొందరు ఇది చదువునకు చేటని విచారించుచున్నారు. మరికొందరు ఇక పుస్తకముల బీరువాలతో పనియేమని అడుగుచున్నారు. ఈ రెండు మాటలును పూర్తిగా సరికావని నా నమ్మకము.

మన పెద్ద గ్రంథములన్నియు మొదట విన్నవే. భారతమును నైమిశారణ్యములో సూతుడు శౌనకాది మునులకు చెప్పినాడు. అంతకుముందు వైశంపాయనుడు జనమేజయునకు చెప్పినాడు. భాగవతమును శుకుడు పరీక్షిత్తునకు ఏడు దినములు వినిపించినాడు. రామాయణమును కుశలవులు వీణాగానముతో పాడగా, ఆ కథకు నాయకుడైన రాముడే సభికులలో చేరి విన్నాడు. తాళపత్రమునకు ముందు నాలుక యున్నది. నాలుకకు ముందు వినగోరు చెవి యున్నది. కావున చెవితో చదువుట కొత్త వింత కాదు. పాత ఇంటికి మరల వచ్చుట మాత్రమే.

కథకులలో నాకు మిక్కిలి ఇష్టుడు సంజయుడు. ధృతరాష్ట్రునకు కన్నులు లేవు. పదునెనిమిది దినముల యుద్ధమును ఆయన చూచినది సంజయుని గొంతులోనే. సంజయుడు కథ నడిపిన తీరు గమనింపుడు. పదవ దినమున భీష్ముడు పడినాడు. సంజయుడు రాజు కడకు వచ్చి మొదటనే ఆ వార్త చెప్పినాడు. ఆ తరువాతనే, రాజు అడుగగా అడుగగా, మొదటినుండి విప్పి చెప్పినాడు. తిక్కనగారు తెనిగించిన భీష్మపర్వమును చదివినవారికి ఈ క్రమము తెలియును. అంతము ముందే తెలిసియు వినువానికి ఆసక్తి తగ్గలేదు, ఇంకను పెరిగినది. ఏమి జరిగినదను ప్రశ్న తీరిన తరువాత ఎట్లు జరిగినది, ఎందుకు జరిగినది అను ప్రశ్నలు లేచును. రెండవ విశేషము, సంజయుడు రాజు మెప్పుకొరకు కథను మార్చలేదు. నీ కొడుకుల తప్పు, నీ తప్పు అని ముఖముననే చెప్పినాడు. కన్నులు లేనివానికి కథ చెప్పువాడు అబద్ధమాడినచో వానికి మరియొక దారి లేదు. చూపులేని వినువాని యెదుట కథకుని బాధ్యత రెట్టింపగును.

ఇక కళ విషయము. గొంతు బాగున్నచో చాలునని లోకమనుకొనును. మన పూర్వులు అట్లనుకొనలేదు. పాణినీయ శిక్ష యను చిన్న గ్రంథమున చెడ్డ పాఠకులను ఆరు విధములుగా చెప్పినారు. రాగము తీయుచు చదువువాడు, తొందరతో చదువువాడు, తల ఊపుచు చదువువాడు, వ్రాసినదానినే చూచి చదువువాడు, అర్థమెరుగక చదువువాడు, గొంతు పీలగా నున్నవాడు. మంచి పాఠకునకును ఆరు గుణములు చెప్పినారు: మాధుర్యము, అక్షరముల స్పష్టత, పదముల విరుపు, మంచి స్వరము, ధైర్యము, లయ తప్పకుండుట. వేదపాఠము కొరకు చెప్పిన ఈ మాటలు ఫోనులో నవల చదువువానికిని అక్షరాల చెల్లును. ఈ గుణములలో మాధుర్యమొక్కటియే పుట్టుకతో వచ్చునది. తక్కినవి అభ్యాసముచేత వచ్చును. ఇది మనవంటి వారికి ఎంతో ధైర్యమిచ్చు మాట.

నేను గ్రామ లెక్కలు వ్రాయు వృత్తిలోనున్నవాడను. చదువురాని రైతునకు కాగితము చదివి వినిపించుట నా పనిలో భాగము. అక్షరముల స్పష్టత ఎంత విలువైనదో అక్కడ తెలియును. ‘ఇరువది వేలు’, ‘అరువది వేలు’ అను మాటలలో మొదటి అక్షరము మింగినచో నలువది వేలు తేడా వచ్చును. పదముల విరుపును అంతే. ‘అమ్మకము వద్దు, కౌలు చాలును’ అని వ్రాసియున్నదనుకొందము. ‘అమ్మకము’ అని ఆగి, ‘వద్దు కౌలు’ అని చదివినచో భూమి చేతులు మారును. వినువాని యెదుట కాగితము లేదు. వానికి చదువువాని నాలుకయే కాగితము. కథలోను ఇంతే. ఆగవలసిన చోట ఆగనిచో ఒకరి మాట మరియొకరి నోట పడును, దుఃఖము హాస్యమగును.

అయితే ఈ ఆరు గుణములకు మించినది మరియొకటి కలదు. అది వినువాని నెరుగుట. దీనికి మన వాఙ్మయములో హనుమంతుడే గురువు. అశోకవనమున శింశుపా వృక్షముపై కూర్చుండి, సీతతో ఎట్లు మాటాడవలెనని ఆయన ఆలోచించినాడు. పండితులవలె సంస్కృతమున మాటాడినచో రావణుడే వచ్చినాడని ఆమె భయపడవచ్చును. మాటాడకున్నచో ఆమె ప్రాణము విడువవచ్చును. కావున సామాన్య మనుష్యులు మాటాడు మాటలలో, ఆమె చెవికి మాత్రము చేరునట్లు, దశరథుడను రాజుండెనని మొదలుపెట్టి రామకథను చెప్పినాడు. నాలుగు శాస్త్రములు వచ్చినవాడు తన పాండిత్యమును పక్కనపెట్టి వినువాని భయమును తలచినాడు. ఏ భాషలో, ఏ స్థాయిలో, ఎక్కడినుండి మొదలుపెట్టవలెను అను మూడు నిర్ణయములును అక్కడనే యున్నవి. అంతకుముందు కిష్కింధలో రాముడు ఇతని మాటతీరును మెచ్చినప్పుడును, సాగదీయక, తడబడక, తొందరలేక, ఆలస్యము లేక, మధ్యమస్వరమున మాటాడినాడనియే మెచ్చినాడు.

మన గోదావరిఖని ప్రాంతమునకు ఈ హనుమంతుని పాఠము మిక్కిలి అవసరము. బొగ్గు బావుల పనికి పలు జిల్లాలనుండి జనము వచ్చి స్థిరపడిన చోటు ఇది. ఒక్క క్వార్టర్ల వరుసలోనే నాలుగు తీరుల తెలుగు వినబడును. ఇక్కడి చెవులును సామాన్యమైనవి కావు. గనిలో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి గట్టిదో గుల్లయో చెప్పగల చెవులవి. అట్టి వినువారి యెదుట కథకుని గుల్లతనము ఒక్క నిమిషము దాగదు.

ఇప్పుడు నాకు ప్రియమైన గొంతులను, వారివద్ద నేర్వవలసినదానిని మనవి చేసెదను.

మొదట మన ఒగ్గుకథ. ఒగ్గు అనగా శివుని డమరుకము. ఓదెల మల్లన్న జాతరకు పోయినవారికి పట్నములు వేసి కథ చెప్పు ఒగ్గు పూజారులను వేరుగా పరిచయము చేయనక్కరలేదు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వారి సొత్తు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములుగారు, జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారు ఈ కళను ఊరి పొలిమేర దాటించి దూరదేశములవారికి తెలియజేసినారు. ఒగ్గుకథలో నేను గమనించినది పక్కవాని పాత్ర. కథకుడు ఒక మాట చెప్పగానే పక్కవాడు ఔననును, ఏమి జరిగినదని అడుగును, ఒక్కొక్కప్పుడు ఎగతాళి చేయును. వినువాని మనసులో లేచు ప్రశ్నను వాడు ముందే అడుగుచున్నాడు. కావున కథ గుంపునకు చెప్పినట్లుండదు. ప్రతివానికి వేరువేరుగా చెప్పినట్లుండును. ఒంటరిగా పుస్తకము చదివి వినిపించువాడు ఆ పక్కవానిని తన మనసులో కూర్చుండబెట్టుకొనవలెను.

బుర్రకథ కూడ ఇట్టిదే. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో పుట్టిన షేక్ నాజర్‌గారు దీనికి పెద్దదిక్కు. 1986లో పద్మశ్రీ పొందినారు, 1997లో గతించినారు. నడుమ తంబురాతో కథకుడు, ఒకవైపు హాస్యపు వంత, మరియొకవైపు రాజకీయపు వంత. పాత కథ నడుచుచుండగా నేటి ధరలను, నేటి అన్యాయములను వంతగాడు ముందుకు తెచ్చును. పల్నాటి యుద్ధము వినుచున్నవాడు తన ఊరి తగవును తలచుకొనును. కథను వినువాని కాలమునకు ముడివేయుట ఇక్కడ నేర్వవలెను.

హరికథలో ఈ భారమంతయు ఒక్కనిపై పడును. 1864లో పుట్టి 1945లో పరమపదించిన ఆదిభట్ల నారాయణదాసుగారిని హరికథా పితామహుడని కొనియాడుదురు. ఒక్క మనిషియే రాజు, రాణి, విదూషకుడు అన్నియు కావలెను. పాత్ర మారినప్పుడు వేషము మారదు. గొంతు మారును, మాట నడక మారును. నేడు నవలను చదివి వినిపించువాడు సంభాషణలవద్ద చేయు పని అదే. అయితే ఆడుపాత్ర వచ్చినదని సన్నని గొంతు పెట్టి వెక్కిరించినట్లు చదువుట దోషము. పాత్ర యొక్క మనసును పట్టుకొన్నచో గొంతు తనంత తానే మారును.

ఇక రేడియో గొంతు. ఇక్కడ డోలు లేదు, గజ్జె లేదు, చేతి సైగ లేదు, ముఖము కానరాదు. ఉన్నది గొంతొక్కటియే. ఈ కఠినమైన పరీక్షలో తెలుగునాట అందరికంటె ఘనముగా నెగ్గినవారు ఉషశ్రీగారు. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రున పుట్టినారు, 1990లో గతించినారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రమునుండి ఆదివారము మధ్యాహ్నము ఆయన రామాయణ భారతములు చెప్పుచుండగా, రేడియో యున్న ఇంటి అరుగుపై వాడ వాడంతయు చేరినదని పెద్దలందరును చెప్పుదురు. ఆయన గొంతున గాంభీర్యమున్నది, అక్కడక్కడ చురక యున్నది, చివర ‘స్వస్తి’ యున్నది. పురాణమును పీఠముపైనుండి దించి ఎదురుగా కూర్చుండి చెప్పినట్లు చెప్పుటయే ఆయన రహస్యము. సందేహములు పంపిన శ్రోతలకు సమాధానములు చెప్పుచు, వినువానికి అడుగు హక్కు కలదని ఆయన నిలబెట్టినారు.

మరియొక గొంతు ఘంటసాలవారిది. 1974లో గతించిన ఆ మహాగాయకుని చివరి కానుకలలో భగవద్గీత యొకటి. అందు శ్లోకము పాడిన వెంటనే తాత్పర్యమును వచనమున చెప్పినారు. పాటవలె పాడక, పాఠమువలె వల్లింపక, నెమ్మదిగా చెప్పినారు. సంస్కృతమెరుగని లక్షలమందికి గీత అర్థమైనది ఆ వచనము వలననే. మన వాడలలో ఆ రికార్డును ఎవరైన గతించిన ఇంటనే వేయుదురు. అందువలన మామూలు దినమున అది వినబడినచో, ఎవరు పోయినారని జనము అడుగుదురు. బ్రదుకువానికి కర్తవ్యము బోధించిన గ్రంథము చావింటి గుర్తుగా మారినది. ఒక గొంతును ఎప్పుడు వినిపింతుమో, ఎచ్చట వినిపింతుమో అదియు అర్థమును మార్చును. గ్రంథాలయము వంటి చోట, పదిమంది కూర్చుండి నిమ్మళముగా ఆ గీతను విన్నచో దానికి దాని అసలు అర్థము తిరిగి వచ్చును.

ఇతర దేశములలో ఏమి జరిగినదో రెండు ముక్కలు చెప్పెదను. క్యూబా దేశమున హవానా నగరములో 1865లో చుట్టల కార్ఖానాలలో ఒక పద్ధతి మొదలైనది. పనివారు పొగాకు చుట్టుచుండగా ఎత్తైన పీటపై ఒక చదువరి కూర్చుండి వార్తాపత్రికలు, నవలలు బిగ్గరగా చదివెను. వాని జీతమును పనివారే తమ కూలినుండి చందాలు వేసికొని ఇచ్చినారు. ఏ నవల చదువవలెనో వారే నిర్ణయించినారు. డ్యూమా వ్రాసిన మాంటెక్రిస్టో నవల వారికి ఎంత ప్రియమైనదనగా, ఒక చుట్టకు ఆ పేరే పెట్టినారు. చేతులు పనిలోనున్నవారికి చెవులు ఖాళీగానున్నవని వారు గుర్తించినారు. మన జిల్లాలలో బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రను చూచినప్పుడెల్ల నాకు ఆ చదువరి జ్ఞప్తికి వచ్చును.

రెండవది బ్రిటను దేశపు కథ. మొదటి ప్రపంచయుద్ధమున చూపు పోగొట్టుకొన్న సైనికులు పలువురున్నారు. పెద్దవయసున చూపు పోయినవారికి వ్రేళ్లతో తడిమి చదువు బ్రెయిలీ లిపి పట్టుబడుట కష్టమైనది. వారి కొరకు 1935లో మాటాడు పుస్తకములు వచ్చినవి. గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క వైపున 25 నిమిషములవరకు చదువు పట్టునట్లు చేసినారు. ఒక నవలకు పది ప్లేట్లవరకు అవసరమైనవి. అమెరికాలోను అదే కాలమున ఈ పని మొదలైనది. నేడు వ్యాపారముగా పెరిగిన ఆడియో పుస్తకము యొక్క పుట్టుక ఇది. చూపులేనివానికి సంజయుడు కావలసివచ్చినందున పుట్టినది.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదను. ఈ గ్రంథాలయమున మొదటి దినములలో చందాదారులైన గని కార్మికులు నేడు పదవీ విరమణ చేసినారు. కొందరికి శుక్లములు వచ్చినవి; కొందరికి చిన్న అక్షరములు ఆనవు. పత్రిక తీసికొని శీర్షికలు చూచి మరల పెట్టి పోవుచున్నారు. ఇక వారి మనుమలకు ఫోను చూచుట వచ్చును గాని, తెలుగు పుస్తకమును తడబడక పుట తిప్పుట రాదు. నడుమ చదువే నేర్వని అక్కలు, అమ్మలు ఉన్నారు. ఈ ముగ్గురికిని గ్రంథాలయ ద్వారము తెరచియే యున్నది. లోపలి పుస్తకము మాత్రము మూసియున్నది. దానిని తెరచునది గొంతొక్కటియే.

ఫోను ఉన్నది కదా యని కొందరందురు. ఫోనులో మంచి కథకులు చదివిన తెలుగు పుస్తకములున్నవి; వానిని నేనును వినుచున్నాను. అయితే ఇప్పుడు యంత్రమే అక్షరములను చూచి పలుకు పద్ధతియు వచ్చినది. అది అక్షరమును చాలవరకు స్పష్టముగానే పలుకును, అలసిపోదు, విసుగుకొనదు. చూపులేనివారికి అది నిత్యావసరములలో గొప్ప సాయము, కాదనను. కాని శిక్షాగ్రంథము చెప్పిన చెడ్డ పాఠకులలో ఇద్దరు, వ్రాసినదానినే చూచి చదువువాడు, అర్థమెరుగక చదువువాడు, అందు కలిసియున్నారు. కథలో బిడ్డ చనిపోయిన చోటను, ఇల్లు అమ్మకమునకు పెట్టిన చోటను దానికి ఒక్కటే నడక. ఎదుట కూర్చున్న ముసలాయన కన్ను తుడుచుకొనుచున్నాడని తెలిసి ఒక్క క్షణము ఆగుట దానికి రాదు.

ఇంతకంటె పెద్ద చింత మరియొకటి యున్నది. మిద్దె రాములుగారు 2010లో, చుక్క సత్తయ్యగారు 2017లో కాలము చేసినారు. పేరుపొందినవారు గనుక వారి గొంతులు కొన్నియైనను రికార్డులలో నిలిచినవి. పేరు పొందని కథకులు ఊరూర ఉన్నారు. బతుకమ్మ వేళ కథ చెప్పు ముసలమ్మ, బావిలో తొలినాటి పనిని పూసగుచ్చినట్లు చెప్పు తాత, మల్లన్న పట్నమున రాత్రియంతయు గొంతెత్తు ఒగ్గు పూజారి. వీరు పోయిన దినమున ఒక పుస్తకము కాలిపోయినట్లే. దానికి రెండవ ప్రతి లేదు. మనము 25 సంవత్సరములలో అచ్చైన పుస్తకములను కాపాడినాము. అచ్చుకాని పుస్తకములు మన కండ్లయెదుటనే పోవుచున్నవి.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నేను మూడు పనులను ప్రతిపాదించుచున్నాను.

మొదటిది, ప్రతి ఆదివారము సాయంకాలము ఒక గంట పఠనము. చదువువాడు ఆ భాగమును ఇంటివద్ద రెండుమార్లు చదివి, కఠినపదముల అర్థము తెలిసికొని, ఆగవలసిన చోట్ల గీతలు పెట్టుకొని రావలెను. అధ్యాయము ముగిసిన తరువాత వినువారు ప్రశ్నలు అడుగవచ్చును. మొదట చదువదగిన పుస్తకము వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’ యని నా మనవి. పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి పంచిన ఆ మహనీయుడు 1961లో గతించినారు. మన దేశ చట్టము ప్రకారము రచయిత గతించిన 60 సంవత్సరములకు రచనపై హక్కులు తీరిపోవును గనుక, దానిని చదివి రికార్డు చేయుటకును అడ్డులేదు. ఆ తరువాత సామల సదాశివగారి ‘యాది’ చదువవచ్చును. అది మాటాడినట్లే వ్రాసిన పుస్తకము. కొత్త చదువరికి నాలుక తిరుగును. అది మన సభలో చదువుటకే. దానిని రికార్డు చేయదలచినచో హక్కుదారుల అనుమతి తీసికొనవలెను.

రెండవది, ఊరి కథకుల గొంతులను రికార్డు చేయుట. ఇందుకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఫ్యాను ఆపి, తలుపులు మూసిన గదిలో మంచి ఫోను చాలును. చెప్పువారి అనుమతి తప్పక తీసికొనవలెను. ఎవరు చెప్పినారు, ఏ ఊరు, ఏ తేదీ, ఏ కథ అని రిజిస్టరులో ఎక్కించవలెను. ఒక ప్రతి గ్రంథాలయమున, మరియొక ప్రతి వేరొక చోట ఉంచవలెను. లెక్కలు వ్రాయువానిగా చెప్పుచున్నాను, పేరు తేదీ లేని దస్తావేజునకు విలువ లేదు, గొంతునకును అంతే.

మూడవది, పిల్లలలో చదువరులను తయారుచేయుట. పరీక్షలో మార్కుల కొరకు కాక, తాతకు పత్రిక చదివి వినిపించుట కొరకు బిడ్డ తెలుగు నేర్చినచో ఆ తెలుగు నిలుచును. వినువాడు తన ఇంటిలోనే యున్నాడు. వాని కన్ను మసకబారినదని బిడ్డకు తెలియును. హనుమంతుని మొదటి పాఠము అక్కడనే మొదలగును.

హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయము వెలసినవి. తెలుగు మాటకు ఆదరణ కరవైన ఆ దినములలో పెద్దలు వానిని నిలిపినారు. వారు నిలయమని పేరు పెట్టినది భాషకు. భాష కాగితముపై సగమే యుండును. తక్కిన సగము గొంతులో నుండును. ఆ సగమునకును మన గ్రంథాలయమున ఒక చోటు కల్పింపవలెనని ప్రార్థించుచు, వచ్చే ఆదివారము సాయంకాలము మొదటి గంట చదువుటకు నా పేరు వ్రాసికొనవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.

స్వస్తి.